విట్‌సండే దీవుల్లో కుటుంబంతో పడవ మీద: లైసెన్సు, గాలి, లంగరు, వంట

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మెల్‌బోర్న్‌లో ఉంటున్నారు. పిల్లలకు ఆరేళ్ళు, పదకొండేళ్ళు. రాజమండ్రి నుంచి అమ్మగారు, నాన్నగారు వస్తున్నారు. సెప్టెంబరు చివర్లో స్కూలు సెలవులప్పుడు క్వీన్స్‌లాండ్‌లోని విట్‌సండే దీవుల్లో పడవ అద్దెకు తీసుకుని, మీరే నడుపుకుంటూ ఐదారు రాత్రులు గడపాలని ఉంది. లైసెన్సు అక్కర్లేదంటున్నారు, అది నిజమేనా? ఈత అంతంతమాత్రమే వచ్చినవాళ్ళకు సురక్షితమేనా? ఎలాంటి పడవ తీసుకోవాలి, ఎక్కడెక్కడ ఆగాలి? నాన్నగారి మోకాళ్ళ నొప్పులు, అమ్మగారి శాకాహారం సంగతేమిటి?

నేను బ్రిస్బేన్‌లో ఉంటాను. చాలా ఏళ్ళుగా ఆ నీళ్ళలో పడవ నడుపుతున్నాను. మా వాళ్ళనే కాదు, స్నేహితుల కుటుంబాలను కూడా పెద్దవాళ్ళతో, చిన్నపిల్లలతో సహా తీసుకెళ్తుంటాను. వెళ్ళవచ్చు, తప్పకుండా వెళ్ళండి. కానీ ఇప్పుడు మీరు వేసుకున్న ప్లాన్, అంటే మొదటి రోజు ఫలానా దీవి, రెండో రోజు ఫలానా బీచ్ అన్న జాబితా పక్కన పెట్టేయండి. అక్కడ సెలవు బాగా గడిచిందా, భయపడుతూ గడిచిందా అన్నది ఎన్ని చోట్లు చూశారన్న దాన్ని బట్టి ఉండదు. ప్రతి సాయంత్రం ఎక్కడ లంగరు వేశారు, ఎన్ని గంటలకు వేశారు అన్న దాన్ని బట్టే ఉంటుంది. ఆ చోటును నిర్ణయించేది ఆ రోజు గాలి.

ముందు లైసెన్సు సంగతి. క్వీన్స్‌లాండ్‌లో 4.5 కిలోవాట్లు దాటిన ఇంజనున్న పడవ నడపాలంటే మామూలుగా లైసెన్సు ఉండాలి. విట్‌సండేస్‌లో సిబ్బంది లేకుండా అద్దెకిచ్చే పడవలకు, అంటే బేర్‌బోట్లకు, ఆ నిబంధన వర్తించదు. దాని బదులు అద్దెకిచ్చేవాళ్ళే మిమ్మల్ని కొన్ని గంటలు కూర్చోబెట్టి ఇంజను, చార్టు (సముద్రపు పటం), రేడియో, లంగరు, డింగీ (ఒడ్డుకు వెళ్ళిరావడానికి వాడే చిన్న పడవ), గ్యాసు అన్నీ వివరిస్తారు. తర్వాత కొంచెం దూరం తీసుకెళ్ళి మీ చేతే నడిపించి చూస్తారు. వాళ్ళకు నమ్మకం కుదరకపోతే పడవను మీ ఒక్కరి చేతిలో పెట్టరు, గైడును వెంట తీసుకెళ్ళమంటారు. బయల్దేరాక కూడా ఒక చట్రం ఉంటుంది. రాత్రిపూట కదలకూడదు. మధ్యాహ్నం నాలుగు గంటల ప్రాంతానికి లంగరు వేసో, బోయకు (పడవ కట్టుకోవడానికి నీళ్ళ మీద తేలేలా అమర్చినదానికి) కట్టేసో ఉండాలి. రోజూ రేడియోలో పిలిచి ఎక్కడున్నారో చెప్పాలి. గాలి 25 నాట్లు, అంటే గంటకు 46 కిలోమీటర్లు దాటే రోజున ఉన్నచోటే ఉండమంటారు. ఇవన్నీ మీ మంచికే. రేడియోలో వాళ్ళతో మాట్లాడేటప్పుడు మొహమాటపడకండి. "రేపు ఫలానా చోటికి వెళ్దామనుకుంటున్నాం, సరేనా?" అని రోజూ అడగండి. ఆ దీవుల చుట్టూ ఏ మలుపులో నీళ్ళు ఎలా ఉంటాయో వాళ్ళకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు.

మీ విషయంలో నా సలహా: మొదటి రెండు రోజులకు సెయిల్ గైడును తీసుకోండి. ఆయన నడిపిపెట్టే డ్రైవరు కాదు, మీ చేత నడిపిస్తూ నేర్పే మనిషి. ఆ రెండు రోజుల్లో కనీసం నాలుగైదు సార్లు లంగరు వేయించుకోండి, తీయించుకోండి. తెరచాప ఎత్తడం నేర్చుకోకపోయినా ఫర్వాలేదు, ఇంజనుతోనే వారమంతా హాయిగా తిరగవచ్చు. లంగరు వేయడం రాకపోతే మాత్రం రాత్రిళ్ళు నిద్ర పట్టదు. గైడుకు పడుకోవడానికి చోటు, మీతోపాటు భోజనం ఇవ్వాల్సి ఉంటుంది కాబట్టి పడవ బుక్ చేసేటప్పుడే క్యాబిన్లు లెక్క చూసుకోండి. మీరు ఆరుగురు, ఆయన ఒకరు.

పడవ విషయంలో మీకు రెండో ఆలోచన అక్కర్లేదు, కేటమరానే. ఒకే అడుగుభాగం ఉన్న మామూలు తెరచాప పడవ గాలికి ఒక పక్కకు ఒరుగుతుంది. అది ఇష్టపడేవాళ్ళకు గొప్ప సరదా, డెబ్బై ఏళ్ళ మోకాళ్ళకు నరకం. కేటమరాన్‌కు రెండు పక్కలా రెండు అడుగుభాగాలు ఉంటాయి కాబట్టి పెద్దగా ఒరగదు, టేబుల్ మీద కాఫీ గ్లాసు నిలబడుతుంది. క్యాబిన్లు రెండు పక్కలకూ విడిపోతాయి కాబట్టి పెద్దవాళ్ళకు కాస్త ఏకాంతం, వీలైతే విడి టాయిలెట్టు కూడా దొరుకుతుంది. నాన్నగారి కోసం బుక్ చేసే ముందు రెండు విషయాలు అడగండి. క్యాబిన్‌లోకి దిగడానికి ఎన్ని మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా? డింగీ నుంచి పడవ వెనక మెట్ల మీదికి ఎక్కేచోట మెట్టు ఎంత ఎత్తు? రెండోదే ముఖ్యం. రోజుకు రెండు మూడు సార్లు ఆ అడుగు వేయాలి, అదీ డింగీ ఊగుతున్నప్పుడు. తెరచాపల మీద మోజు లేకపోతే చాపలే లేని ఇంజను కేటమరాన్లు కూడా ఉన్నాయి. డీజిల్ ఖర్చు ఎక్కువ, పని తక్కువ. చాపలున్నది తీసుకుంటే మొదటిసారి వెళ్ళేవాళ్ళు పడవ ముందువైపున్న చాప ఒక్కటే విప్పుకుంటే చాలు. తాడు లాగితే విచ్చుకుంటుంది, ఇంకో తాడు లాగితే చుట్టుకుంటుంది. పదకొండేళ్ళ పిల్లకో పిల్లవాడికో ఆ పని అప్పగించండి, వారమంతా వదలరు.

ఇప్పుడు అసలు విషయం, గాలి. ఈ 74 దీవులూ ఒకప్పుడు ప్రధాన భూభాగానికి అతుక్కుని ఉన్న కొండలు. చివరి మంచుయుగం తర్వాత సముద్రమట్టం పెరిగి లోయలు మునిగిపోతే కొండల పైభాగాలు దీవులుగా మిగిలాయి. అందుకే దీవులు నిట్టనిలువుగా ఉంటాయి, వాటి మధ్య లోతైన సందులు, నేల లోపలికి చొచ్చుకుపోయిన పొడవాటి ఇన్‌లెట్లు ఉంటాయి. ఏ వైపు నుంచి గాలి వచ్చినా దాక్కోవడానికి ఏదో ఒక కొండ చాటు దొరకడం ఇక్కడి అదృష్టం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయం నుంచి వ్యాపార పవనాలు వీస్తాయి, కొన్నిసార్లు రోజుల తరబడి 20 నాట్ల పైన. సెప్టెంబరు చివరికి అవి మెత్తబడతాయి. మధ్యాహ్నాలు ఉత్తరం నుంచో, ఈశాన్యం నుంచో గాలి మొదలవుతుంది. మీరు వెళ్ళేది సరిగ్గా ఈ మారే కాలంలో. మొత్తం మీద అది మంచి సమయం. నీళ్ళు వెచ్చబడుతుంటాయి, వానలు తక్కువ, తుపానుల కాలం ఇంకా రాదు. కానీ ఒకే వారంలో రెండు రకాల గాలులూ చూడవచ్చు. ఆగ్నేయ గాలిలో తటాకంలా ఉన్న బే (తీరం లోపలికి వంగిన చోటు) ఉత్తర గాలి తిరిగాక రాత్రంతా ఊపేస్తుంది. ముందే రాసుకున్న రూటు అక్కడే తలకిందులవుతుంది.

రోజూ ఉదయం ఆస్ట్రేలియా వాతావరణ శాఖ ఇచ్చే 'మకాయ్ కోస్ట్' సూచన చూడండి, విట్‌సండేస్ అందులోకే వస్తాయి. అందులో చెప్పే వేగం సగటు మాత్రమే. ఉన్నట్టుండి వచ్చే విసురు దానికన్నా 40 శాతం ఎక్కువ ఉండవచ్చని, అలలు చెప్పిన ఎత్తుకు రెట్టింపు కూడా రావచ్చని వాళ్ళే హెచ్చరిస్తారు. అంటే 20 నాట్లని రాసి ఉంటే మధ్యమధ్య 28 దాకా వస్తుందనుకుని సిద్ధపడాలి. ఇంకోటి, గాలి కొండ మీదుగా దూకి అవతలి వైపు చాటుగా ఉన్న బేలోకి ఒక్కసారిగా పడుతుంది. అక్కడి నావికులు వీటిని బుల్లెట్లు అంటారు. ప్రశాంతంగా ఉన్న చోట హఠాత్తుగా పడవ గిర్రున తిరిగి లంగరు గొలుసు లాగుతుంది, మళ్ళీ సద్దుమణుగుతుంది. తెలియనివాళ్ళకు అదేదో ప్రమాదమనిపిస్తుంది. లంగరు బాగా పట్టి ఉంటే ఏమీ కాదు.

గాలి ఆగ్నేయంలో ఉంటే హుక్ దీవికి ఉత్తరాన ఉన్న బటర్‌ఫ్లై బే, మౌరీన్స్ కోవ్, హేమన్ దీవికి పడమర ఉన్న బ్లూ పెర్ల్ బే, హుక్ పడమటి పక్కన స్టోన్‌హేవెన్ మీకు అనువైన చోట్లు. బుల్లెట్లు ఉంటాయి, అలలు ఉండవు. స్నార్కెలింగ్‌కు ఆ ఉత్తరపు బేలే మంచివి. గాలి ఉత్తరానికి తిరిగితే అవే బేల నుంచి వచ్చేయాలి. అప్పుడు హుక్ దీవి దక్షిణం నుంచి లోపలికి చొచ్చుకుపోయిన నారా ఇన్‌లెట్, దాని పక్కనే ఉన్న మకోనా ఇన్‌లెట్ చాలా భద్రం. విట్‌సండే దీవి దక్షిణాన ఉన్న టర్టిల్ బే, చాన్స్ బే కూడా. నారా ఇన్‌లెట్ ఆగ్నేయ గాలిలో కూడా బాగానే కాపాడుతుంది కాబట్టి, మొదటి రాత్రికి నేను ఎవరికైనా అదే చెప్తాను. దాని చివర ఒడ్డుకు దిగి కొద్ది మెట్లు ఎక్కితే ఒక రాతిగుహ, అందులో న్‌గారో ప్రజలు వేసిన చిత్రాలు ఉన్నాయి. చెట్టు బెరడును కుట్టి చేసుకున్న పడవల్లో ఈ దీవుల మధ్య తిరిగిన సముద్రపు ప్రజలు వాళ్ళు. దాదాపు 9,000 ఏళ్ళ నాటి నుంచి మనుషులు ఆ గుహను వాడిన ఆనవాళ్ళు దొరికాయి. కెప్టెన్ కుక్ 1770లో ఈ దారిన వెళ్తూ విట్‌సండే అని పేరు పెట్టేనాటికి వాళ్ళు ఇక్కడే ఉన్నారు. పిల్లలకు ఆ సంగతి చెప్పి మరీ చూపించండి. నాన్నగారు ఎక్కలేకపోతే డింగీలోనే ఉండి ఆ ఇన్‌లెట్ చూసినా చాలు, రెండు పక్కలా కొండలతో అంత అందంగా ఉంటుంది.

గాలి తర్వాత ఆటుపోట్లు. మెల్‌బోర్న్‌లో పోర్ట్ ఫిలిప్ బే అలవాటైనవాళ్ళకు ఇది కొత్త. ఇక్కడ నీటిమట్టంలో తేడా నాలుగు మీటర్ల దాకా వెళ్తుంది. అమావాస్యకు, పౌర్ణమికి దగ్గరి రోజుల్లో తేడా ఎక్కువ, అష్టమి ప్రాంతంలో తక్కువ. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంటే తేదీలు ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి. కుదిరితే అష్టమి మీ ట్రిప్పు మధ్యలో పడేలా పెట్టుకోండి, కొత్తవాళ్ళకు అంతా కాస్త నెమ్మదిగా ఉంటుంది. దీవుల మధ్య సందుల్లో, ముఖ్యంగా హుక్, విట్‌సండే దీవుల మధ్య ఉన్న హుక్ ప్యాసేజ్‌లో, విట్‌సండే, హేసిల్‌వుడ్ దీవుల మధ్య ఉన్న సాల్వే ప్యాసేజ్‌లో, హామిల్టన్ దీవి పక్కన ఫిట్జాలన్ ప్యాసేజ్‌లో ప్రవాహం చాలా వేగంగా ఉంటుంది. నీళ్ళు ఒక వైపు, గాలి ఎదురు వైపు పోయే సమయంలో అక్కడ అలలు నిలువుగా లేస్తాయి. అదే సందు మూడు గంటల తర్వాత కాలవలా ఉండవచ్చు. అందుకని ఆ సందులు దాటే టైము ఆటుపోట్ల పట్టిక చూసి పెట్టుకోవాలి, టిఫిను టైమును బట్టి కాదు. గైడు ఉన్న రెండు రోజుల్లో వీటిలో ఒకదాన్ని ఆయనతో కలిసి దాటండి.

డింగీ దగ్గర కూడా ఆటుపోట్లే పరీక్ష పెడతాయి. డింగీని బీచ్ మీదికి లాగి, పిల్లలు ఆడుకుని, తిని, రెండు గంటల తర్వాత చూస్తే నీళ్ళు యాభై అడుగుల వెనక్కి పోయి డింగీ ఇసుకలో కూర్చుని ఉంటుంది. లేదా పోటు వస్తూ ఉంటే డింగీ తేలి తనదారిన పోతుంది. ఒడ్డుకు వెళ్ళిన ప్రతిసారీ ఒకరు దాని మీద కన్నేసి ఉంచాలి, డింగీ లంగరు ఇసుకలో పైకి పాతాలి. పన్నెండేళ్ళ లోపు పిల్లలు అంత చిన్న పడవలో వెళ్తుంటే లైఫ్ జాకెట్ వేసుకోవాలన్నది క్వీన్స్‌లాండ్ చట్టం. మీ ఇంట్లో మాత్రం నిబంధన ఆరుగురికీ పెట్టండి. పెద్దవాళ్ళు పడేది కూడా డింగీ ఎక్కేటప్పుడే.

వైట్‌హేవెన్ బీచ్ గురించి మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. దాదాపు ఏడు కిలోమీటర్ల తెల్లటి ఇసుక, 98 శాతం సిలికా. మామూలు ఇసుకలా కాలదు కాబట్టి అమ్మగారు చెప్పులు లేకుండా నడవవచ్చు. ఆ నీలం, తెలుపు కలిసి సుడులు తిరిగే దృశ్యం కనిపించేది మాత్రం బీచ్ మీద నుంచి కాదు, దాని ఉత్తర చివర హిల్ ఇన్‌లెట్ పైన ఉన్న కొండ మీద నుంచి. అక్కడికి టంగ్ బేలో దిగి నడవాలి, దూరం తక్కువే, కానీ ఎక్కుడు ఉంది. ఇసుక మేటలు బాగా కనిపించాలంటే నీళ్ళు తగ్గి ఉండాలి. పూర్తిగా తగ్గితే టంగ్ బేలో పగడపు గట్టు బయటపడి డింగీతో దిగడం కష్టం. నేను ఎంచుకునేది ఆటు సగంలో ఉన్న సమయం. చకచకా ఎక్కి, చూసి, బాగా తగ్గేలోపు తిరిగి వచ్చేస్తాను. వైట్‌హేవెన్‌లో రాత్రి ఉండాలనుకుంటే గాలి ఈశాన్యంలో లేని రోజు చూసుకోండి, ఆ వైపు అది పూర్తిగా తెరిచి ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి ఇసుక ఈగలు కుడతాయి, పిల్లల కాళ్ళకు మందు రాయండి.

లంగరు గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్తాను. మధ్యాహ్నం రెండింటికల్లా రాత్రి ఉండే చోటుకు చేరిపోండి. నియమం నాలుగింటికి కదా అని సాగదీయకండి. పొద్దు నడినెత్తిన ఉన్నప్పుడే నీళ్ళలో రంగులు తెలుస్తాయి. ఇసుక ఉన్నచోట లేత నీలం, పగడాలున్నచోట గోధుమ రంగు. పొద్దు వాలాక నీళ్ళన్నీ వెండిలా మెరుస్తాయి, కింద ఏముందో కనబడదు. పోలరైజ్డ్ కూలింగ్ గ్లాసులు కొనుక్కోండి, అవి పెట్టుకుని ఒకరు ముందు నిలబడాలి. లోతు చూసేటప్పుడు పోటు ఎంత పెరుగుతుందో కలుపుకోండి. ఇప్పుడు ఆరు మీటర్లున్న చోట అర్ధరాత్రి తొమ్మిదో, పదో ఉండవచ్చు, గొలుసు ఆ పది మీటర్లకు సరిపడా వదలాలి. వేశాక ఇంజను వెనక్కి పెట్టి లాగి చూసి, ఒడ్డు మీద ఒక చెట్టూ దాని వెనక రాయీ వరసలో పెట్టుకుని పావుగంట గమనించండి. ఆ వరస చెదరకపోతే లంగరు పట్టినట్టే. కొన్ని బేలలో తెల్లటి పిరమిడ్ ఆకారపు బోయలు వరసగా కనిపిస్తాయి. వాటికీ ఒడ్డుకూ మధ్య లంగరు వేయడం నిషేధం, అది పగడాలను కాపాడే గీత. నీలిరంగు పబ్లిక్ బోయలకు ఉచితంగా కట్టేసుకోవచ్చు. ఎంత పొడవు పడవకు, ఎంత సేపు అన్నది బోయ మీదే రాసి ఉంటుంది, చదివి కట్టండి.

ఇక ఈత. ఇక్కడ మెత్తగా చెప్పను. సిడ్ హార్బర్ అని విట్‌సండే దీవి పడమట ఒక బే ఉంది. ఆగ్నేయ గాలిలో అద్భుతంగా ప్రశాంతంగా ఉంటుంది, రాత్రి ఉండడానికి చాలా మంచిది. కానీ 2018 సెప్టెంబరులో అక్కడ రెండు రోజుల్లో ఇద్దరి మీద సొరచేపలు దాడి చేశాయి. వాళ్ళలో ఒకరు పన్నెండేళ్ళ పాప. అదే ఏడు నవంబరులో మూడో దాడిలో ఒకాయన చనిపోయాడు. అప్పటి నుంచి అక్కడ ఈత వద్దన్న బోర్డులున్నాయి. సిడ్ హార్బర్‌లో లంగరు వేస్తే పిల్లల కాలు కూడా నీళ్ళలో పెట్టనివ్వకండి. మిగతా చోట్ల కూడా పొద్దు వాలాక, తెల్లవారకముందు, నీళ్ళు మురికిగా ఉన్నప్పుడు దిగవద్దు. వంటింటి మిగుళ్ళు, చేప ముక్కలు పడవ పక్కన నీళ్ళలో పారేయవద్దు.

జెల్లీఫిష్ సీజన్ ప్రధానంగా నవంబరు నుంచి మే దాకా. మీ తేదీలు దాని ముందే, అయినా ఇరుకాంజీ అనే చిన్న రకం ఏ నెలలోనైనా ఉండవచ్చు. దాని గొడుగు సెంటీమీటరుకు అటూఇటూ, నీళ్ళలో కంటికి కనబడదు. కుట్టినప్పుడు చీమ కుట్టినట్టు ఉంటుంది, అరగంటకు అటూఇటూగా నడుము నొప్పి, వాంతులు, చెమటలు మొదలవుతాయి. ఈ రెంటికీ సంబంధం ఉందని నిరూపించడానికి కెయిర్న్స్ డాక్టరు జాక్ బార్న్స్ 1961లో దాన్ని తన మీద, తొమ్మిదేళ్ళ కొడుకు మీద, ఒక లైఫ్‌గార్డు మీద కుట్టించి చూశాడు. ముగ్గురూ ఆసుపత్రి పాలై బతికి బయటపడ్డారు. నాకు ఆ తండ్రి చేసిన పని ఇప్పటికీ మింగుడుపడదు, కానీ ఆలస్యంగా వచ్చే ఆ నొప్పిని గుర్తుపట్టడం అందరికీ తెలిసింది అలాగే. కాబట్టి నీళ్ళలో దిగే ప్రతి ఒక్కరూ మెడ నుంచి పాదాల దాకా స్టింగర్ సూట్ వేసుకోండి, అద్దెకు దొరుకుతుంది. ఎండ నుంచి కూడా అదే కాపాడుతుంది. ఎవరికైనా చురుక్కుమంటే రుద్దకుండా వెనిగర్ కనీసం అర నిమిషం ధారగా పోయండి, రేడియోలో చెప్పండి, గంటసేపు ఆ మనిషిని వదలకండి. వెనిగర్ సీసా పడవలో ఎక్కడుందో మొదటి రోజే అందరికీ చూపించండి.

ఈత సరిగా రానివాళ్ళు పడవ మీద నుంచి దూకవద్దు, బీచ్ నుంచే దిగండి. ఆరేళ్ళ వాళ్ళకు లాంగ్‌ఫర్డ్ దీవి బాగుంటుంది. పొడవాటి ఇసుక మేట, పక్కనే లోతులేని పగడపు గట్టు, తాబేళ్ళు కనబడే అవకాశం ఎక్కువ. లైఫ్ జాకెట్ వేసుకుని, మాస్కు పెట్టుకుని నడుములోతులో తల వంచి చూస్తే చాలు. 2017 మార్చి 28న డెబీ తుపాను సరిగ్గా ఈ దీవుల మీదుగా పోయింది, ఉత్తరపు బేలలో పగడాలు బాగా దెబ్బతిన్నాయి. తిరిగి పెరుగుతున్నాయి, చేపలు బోలెడు, కానీ డాక్యుమెంటరీల్లో చూసే రంగుల తోట కావాలంటే ఒక రోజు బయటి రీఫ్‌కు, అంటే దీవులకు దూరంగా సముద్రంలో ఉన్న పగడపు దిబ్బలకు వెళ్ళే పెద్ద టూరు పడవ ఎక్కండి. బేర్‌బోట్‌తో అక్కడికి పోనివ్వరు. తిమింగలాల కాలం మీ తేదీలకు చివరికి వస్తుంది. హంప్‌బ్యాక్‌లు పిల్లలతో దక్షిణానికి తిరిగి పోతూ ఉంటాయి. ఈ ప్రాంతంలో పడవ వాటికి 300 మీటర్ల దూరంలో ఉండాలి. ఇంజను ఆపి అక్కడే నిలబడితే పిల్లలకు కావలసింది అంతా కనబడుతుంది.

అమ్మగారి వంటకు వస్తాను. పడవలో గ్యాసు పొయ్యి, చిన్న ఫ్రిజ్, సింకు ఉంటాయి. రైస్ కుక్కరు, మిక్సీ మీద ఆశ పెట్టుకోకండి, చాలా పడవల్లో బ్యాటరీ కరెంటు దీపాలకు, ఫ్రిజ్‌కు, ఫోన్లకే సరిపోతుంది. పడవకు మన ప్రెషర్ కుక్కరును మించిన పాత్ర లేదు. మూత బిగిసి ఉంటుంది కాబట్టి ఊగినా ఒలకదు, గ్యాసూ నీళ్ళూ తక్కువ పడతాయి, అన్నం పప్పు ఒకేసారి అయిపోతాయి. మూడు లీటర్లది మెల్‌బోర్న్ నుంచే తెచ్చుకోండి. కందిపప్పు, చింతపండు, పోపు డబ్బా, పొడులు, ఆవకాయ కూడా అక్కడి నుంచే. ఆవకాయ గాజు సీసాలో కాదు, స్టీలు డబ్బాలో, దాని చుట్టూ ప్లాస్టిక్ కవరు. కూరగాయలు, పాలు, పెరుగు ప్రధాన భూభాగం మీదున్న ఎయిర్‌లీ బీచ్ ఊరి పక్కనే ఉన్న కానన్‌వేల్ సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. హామిల్టన్ దీవిలో కొట్టు చిన్నది, ధరలు ఎక్కువ. నూనెలో వేయించే వంట పడవ మీద వద్దే వద్దు. పులిహోర, దద్ధ్యోజనం, ఉప్మా, చారన్నం, ఇవి చాలు. కదిలే రోజున మధ్యాహ్నం భోజనం ఉదయమే లంగరు మీద ఉండగా వండేసి డబ్బాల్లో పెట్టేయండి. పడవ కదులుతుంటే వంటింట్లో తల వంచుకుని నిలబడినవాళ్ళకే ముందు వికారం పడుతుంది, మన ఇళ్ళలో ఆ మనిషి ఎప్పుడూ అమ్మే అవుతుంది. బయల్దేరడానికి గంట ముందే అవసరమైనవాళ్ళు మాత్ర వేసుకోవాలి. పెద్దవాళ్ళ మందులతో అది పడుతుందో లేదో ముందే డాక్టర్నడగండి. వికారంగా ఉంటే లోపల పడుకోకుండా బయట కూర్చుని దూరంగా కొండను చూస్తూ ఉండాలి.

నీళ్ళు, టాయిలెట్టు. మంచినీళ్ళ ట్యాంకులో ఉండేవి కొన్ని వందల లీటర్లే. ఇంట్లోలా కుళాయి తిప్పి వదిలేస్తే మూడో రోజుకే అయిపోతాయి. సముద్రంలో ఈదాక చివర్లో ఒక్క నిమిషం మంచినీళ్ళ స్నానం, గిన్నెలకు ముందు ఉప్పునీళ్ళు, చివర మంచినీళ్ళు. టాయిలెట్ దగ్గర మన జెట్ స్ప్రే ఉండదు, ఒక మగ్గు పట్టుకెళ్ళండి. మనం తిన్నదీ, కొద్దిపాటి టాయిలెట్ పేపరూ తప్ప ఇంకేదీ అందులో వేయకూడదు. ఒక్క తడి వైప్ చాలు, పైపు మూసుకుపోతుంది, వారమంతా పాడవుతుంది. మొదటి రోజే పెద్దవాళ్ళకు మొహమాటం లేకుండా వాడి చూపించండి. మా నాన్న మొదటిసారి వచ్చినప్పుడు ఇది అడగడానికి సిగ్గుపడి సగం రోజు నీళ్ళు తాగడం మానేశారు. ఆ ఎండలో అది మంచిది కాదు.

అమ్మానాన్నలకు ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఇండియా నుంచి విజిటర్‌గా వచ్చినవాళ్ళకు మెడికేర్ (ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య బీమా) వర్తించదు. దీవి దగ్గర ఒంట్లో బాగోకపోతే హెలికాప్టరు రావాల్సి రావచ్చు, పాలసీలో దానికి, అంతకుముందే ఉన్న బీపీ, షుగరు లాంటివాటికి కవరేజీ ఉందో లేదో చదివి చూడండి. మందులు రెండు సంచుల్లో విడివిడిగా పెట్టండి, ఒకటి తడిసినా ఇంకోటి ఉంటుంది. దీవుల చాటున ఫోను సిగ్నల్ చాలా చోట్ల పోతుంది. రేడియోలో 16వ చానల్‌లో ఎలా పిలవాలో మీతోపాటు మీ ఆవిడ కూడా నేర్చుకోవాలి. చుక్కాని దగ్గర మీకే ఏదైనా అయితే పిలవాల్సింది తనే కదా.

చివరగా, మీకు నేను వేసి ఇచ్చే ఏర్పాటు ఇది. మెల్‌బోర్న్ నుంచి హామిల్టన్‌కు నేరుగా విమానం ఉంది. మొదటి రెండు రాత్రులు అమ్మానాన్నలకు హామిల్టన్‌లో ఒక గది తీసుకోండి, మీ ఆవిడో మీరో ఒకరు వాళ్ళతో ఉండండి. ఇంకొకరు, పెద్ద పిల్లను తీసుకుని, గైడుతో పడవ మీద తిరిగి లంగరు, బోయ, డింగీ చేతికి అలవాటు చేసుకోండి. ఆ మిగిలినవాళ్ళకు దీవి మీద బగ్గీ బండ్లు, బీచ్, రెస్టారెంట్లు ఉన్నాయి, విసుగు రాదు. మూడో రోజు ఉదయం మరీనాలోకి పడవ తెచ్చి కట్టేస్తే నాన్నగారు డింగీ అవసరం లేకుండా జెట్టీ మీద నుంచే ఎక్కవచ్చు. అక్కడి నుంచి నాలుగు రాత్రులు అందరూ కలిసి. అద్దెకిచ్చేవాళ్ళలో కొందరు బేర్‌బోట్‌కు కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలంటారు, గైడు ఆ లెక్కలోకి వస్తాడో రాడో బుకింగ్‌కు ముందే రాతపూర్వకంగా అడగండి. సెప్టెంబరు సెలవులకు కేటమరాన్లు ముందే అయిపోతాయి. తేదీలు ఖాయం చేసుకున్నాక గాలి, ఆటుపోట్ల విషయంలో ఇంకేమైనా సందేహం ఉంటే ఆ తేదీలతో సహా రాయండి, ఏ రాత్రికి ఏ బే అనువుగా ఉంటుందో ఆ వారం సూచన చూసి చెప్తాను.